సాక్సఫోన్ కోసం వెతక్కండి, బాస్ వినండి: ‘ద లో ఎండ్ థియరీ’లో జాజ్ ఎక్కడుంది?

జాజ్‌నీ హిప్‌హాప్‌నీ కలిపారంటే చాలామందికి తట్టే బొమ్మ ఒకటే. కింద డ్రమ్ మెషీన్ దంచుతుంటుంది, మధ్యలో ర్యాపర్, పైన సాక్సఫోన్ తాలింపు. 1990లలో ఈ రకం పాటలు కుప్పలుగా వచ్చాయి. హోటల్ లాబీలో పెట్టుకోవడానికి ఇప్పటికీ పనికొస్తాయి.

ఆ బొమ్మ మనసులో పెట్టుకుని ‘ద లో ఎండ్ థియరీ’ వింటే నిరాశే మిగులుతుంది. న్యూయార్క్‌కు చెందిన ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందం జైవ్ రికార్డ్స్ ద్వారా 1991 సెప్టెంబర్ 24న విడుదల చేసిన ఆల్బమ్ ఇది. 14 పాటలు, సుమారు 48 నిమిషాలు. ఇందులో పొడవాటి సోలో (ఒకే వాద్యకారుడి ఒంటరి వాయింపు) వెతికినా దొరకదు. అయినా జాజ్-ర్యాప్ ఎక్కడ వినాలని ఎవరైనా అడిగితే ముందు చెప్పేది దీని పేరే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా 2022లో దీన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

సోలోలు లేకుండా జాజ్ ఎలా వచ్చింది? బృందంలోని ర్యాపర్లు క్యూ-టిప్, ఫైఫ్ డాగ్, డీజే అలీ షహీద్ మొహమ్మద్ ముగ్గురూ జాజ్ పైపొరను వదిలేసి అడుగు భాగాన్ని పట్టుకున్నారు. జాజ్ బృందంలో అన్నిటినీ మోసేది డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంతివాద్యం), డ్రమ్స్ జంట. ఆ జంటను తెచ్చి ర్యాప్‌కు పునాదిగా వేశారు. మధ్యలో ఉన్న పియానో, గిటార్‌లను వీలైనంత ఖాళీ చేశారు. సోలో వాయించేవాడి చోట ర్యాపర్‌ని నిలబెట్టారు. చెప్పుకుంటే ఇంతే. 1991 నాటి యంత్రాల మీద ఇది చేయడం మాత్రం తేలిక కాదు.

మూడు మాత్రల్ని నాలుగు చేయడం

మొదటి పాట ‘ఎక్స్‌కర్షన్స్’. మొదలవగానే ఒంటరిగా డబుల్ బాస్. దాని మీద క్యూ-టిప్ గొంతు. డ్రమ్స్ కాసేపు ఆగి గానీ రావు. హిప్‌హాప్ అంటే ముందు డ్రమ్స్ దెబ్బ పడాలన్న రోజుల్లో ఇది తెగింపే. ఆ బాస్ వరుస జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం 1973లో రికార్డు చేసిన ‘ఎ చాంట్ ఫర్ బూ’ లోది. పాట మొదట్లోనే క్యూ-టిప్ తండ్రి మాట ఒకటి వస్తుంది: కొడుకు వినే హిప్‌హాప్ ఆయనకు బీబాప్ అనే జాజ్ శైలిని గుర్తుచేసేదట.

చిక్కేమిటంటే, బ్లేకీ పాట మూడు మాత్రల లెక్కలో నడుస్తుంది. ర్యాప్‌కు కావాల్సింది నాలుగు మాత్రలు. కర్ణాటక సంగీతం పరిచయం ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది: మూడు మాత్రల పదాన్ని నాలుగు మాత్రల ఆవర్తనంలో ఇమడ్చాలి. దారులు మూడున్నాయి.

మూడు మాత్రల లూప్‌ను (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కను) అలాగే వదిలేసి నాలుగు మాత్రల డ్రమ్స్ వేయొచ్చు. అప్పుడు రెండూ 12 మాత్రలకోసారి కలుస్తాయి. ప్రాస మాత్రం ప్రతి నాలుగో మాత్ర దగ్గర పడుతుంది కాబట్టి ప్రతిసారీ కింద వేరే బాస్ స్వరం ఉంటుంది. వాద్య సంగీతంలో ఇది అందమే గానీ మాటలు వినాలనుకునేవాడికి తల తిరుగుతుంది. రెండో దారి, మూడు మాత్రల్ని నాలుగు మాత్రల నిడివికి సాగదీయడం. అప్పటి శాంప్లర్లలో (రికార్డులోని ముక్కను పట్టుకుని తిరిగి మోగించే యంత్రాల్లో) మామూలుగా వేగం తగ్గిస్తే శ్రుతీ తగ్గేది. 4:3 నిష్పత్తిలో సాగదీస్తే దాదాపు 5 అర్ధస్వరాలు కిందికి పోతుంది. అంత కిందకు దించిన డబుల్ బాస్‌లో స్వరం ఉండదు, గుర్రుమనే మోత మిగులుతుంది. మూడో దారి, పదాన్ని కోసి, అదనపు ముక్క అతికించి నాలుగో మాత్ర నింపడం. క్యూ-టిప్ పట్టుకున్నది దీన్నే. అతుకు ఎక్కడుందో తెలియకుండా చేయడంలో ఉంది పనితనం. బాస్ మీటిన క్షణానికి ఒక్క రవ్వ ముందు కోయాలి. ఆలస్యంగా కోస్తే మీటిన చప్పుడు తెగిపోయి స్వరం ఎక్కడినుంచో ఊడిపడినట్టుంటుంది, మరీ ముందు కోస్తే పాత స్వరం తోక వెంట వచ్చి కొత్త స్వరాన్ని బురద చేస్తుంది.

పది సెకన్ల యంత్రం

ఆ కాలపు న్యూయార్క్ నిర్మాతల బల్లల మీద రెండు శాంప్లర్ పెట్టెలు కనిపించేవి: ఇ-ము కంపెనీ ఎస్‌పీ-1200, అకాయ్ ఎస్950. ఎస్‌పీ-1200 వచ్చింది 1987లో. 12 బిట్లు, సెకనుకు 26,040 నమూనాలు, మొత్తం జ్ఞాపకశక్తి 10 సెకన్లు. అందులోనూ ఒక్కో ముక్క 2.5 సెకన్లు దాటకూడదు.

ఆ రెండున్నర సెకన్లు ఎంతకు సరిపోతాయో చూడండి. నిమిషానికి 96 మాత్రల వేగంలో నాలుగు మాత్రల బార్ సరిగ్గా 2.5 సెకన్లు. వేగం 90కి తగ్గితే బార్ 2.67 సెకన్లు, అంటే పట్టదు. దానికి అందరూ వాడిన చిట్కా: నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన రికార్డును 45లో తిప్పి, ఆ వేగంలో శాంపిల్ చేసుకుని, యంత్రంలో మళ్లీ కిందికి దించడం. వేగం 1.35 రెట్లు పెరుగుతుంది కాబట్టి 2.5 సెకన్లలో దాదాపు 3.4 సెకన్ల అసలు సంగీతం దూరుతుంది.

ఊరికే రాదు కదా. 26 కిలోహెర్ట్జ్ దగ్గర శాంపిల్ చేస్తే పట్టుబడే పై హద్దు 13 కిలోహెర్ట్జ్. దాన్ని 1.35 రెట్లు దించితే 9.6కి చేరుతుంది. సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేలు) మీది తళుకు పోతుంది, యంత్రం లెక్కల్లో తప్పిపోయిన పౌనఃపున్యాలు గరగరలాడుతూ మళ్లీ కిందికి వచ్చి చేరతాయి. పియానోకి ఇది అవమానం. బాస్‌కీ స్నేర్ డ్రమ్‌కీ మాత్రం ఒక గరుకుదనం తెచ్చిపెడుతుంది. పాత రికార్డు మీది నాజూకు జాజ్ కాస్తా వీధి చప్పుడైపోవడానికి సగం కారణం ఈ నష్టమే.

ఇంకో తిరకాసు శ్రుతిలో ఉంది. 33⅓ నుంచి 45కి మారితే శ్రుతి 5.2 అర్ధస్వరాలు పెరుగుతుంది. తిరిగి 5 అర్ధస్వరాలే దించితే ఇంకో 20 సెంట్లు మిగిలిపోతాయి, అంటే అర్ధస్వరంలో ఐదో వంతు. ఒకే రికార్డు లూప్ అయితే ఎవరికీ తెలియదు. దానిపక్కన ఇంకో రికార్డు ముక్కో కీబోర్డో పెట్టగానే రెండూ కొట్టుకుంటాయి. పాత ర్యాప్ పాటల్లో వినిపించే ఆ చిన్న అపశ్రుతి చాలాసార్లు ఇక్కడిదే. కొందరికి అదే ఇష్టం, అది వేరే సంగతి.

బాస్‌ను వేరుచేయడం

పూర్తి జాజ్ బృందం వాయించిన రికార్డులోంచి బాస్ ఒక్కదాన్నే ఎలా తీస్తారు? నిజానికి పూర్తిగా తీయలేరు. మిగతావాటిని మూసేస్తారు. డబుల్ బాస్ అడుగు తంతి 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అది నడిచే స్వరాల మూల పౌనఃపున్యాలు చాలావరకు 200 హెర్ట్జ్ లోపే. కాబట్టి 200–300 హెర్ట్జ్ పైనున్నదంతా ఫిల్టర్‌తో కోసేస్తే ట్రంపెట్, పియానో, సింబల్స్ దూరపు గొణుగుడుగా మారి బాస్ నిలుస్తుంది. అకాయ్ ఎస్950లోని లో-పాస్ ఫిల్టర్‌ను నిర్మాతలు తెగ వాడింది ఇందుకే.

ఇక్కడ జరిగే మామూలు పొరపాటు మరీ కిందికి కోయడం. 120 హెర్ట్జ్ దగ్గర ఆపితే బాస్ శుభ్రంగానే ఉంటుంది గానీ ఏ స్వరమో తెలియదు. వేలు తంతిని లాగిన చప్పుడు కొన్ని వందల హెర్ట్జ్ నుంచి రెండు కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. స్వరం ఎప్పుడు మొదలైందో చెవికి చెప్పేది ఆ చప్పుడే. అది పోతే లయ జారుతుంది. మందు తేలికే: ఒకే ముక్కను రెండుసార్లు పెట్టుకుని, ఒకదాన్ని గట్టిగా ఫిల్టర్ చేసి పెద్దగానూ, ఇంకోదాన్ని ఫిల్టర్ లేకుండా బాగా తగ్గించీ కలపడం.

దానికన్నా మొండి సమస్య కిక్ డ్రమ్, అంటే కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్. పాత రికార్డులో డ్రమ్మర్ తొక్కిన కిక్ కూడా బాస్‌తో పాటే ఆ ఫిల్టర్ కింద మిగిలి ఉంటుంది. దాని మీద కొత్త కిక్ వేస్తే రెండూ ఢీకొంటాయి. 20–30 మిల్లీసెకన్లు తేడా ఉంటే రెండు దెబ్బలుగా వినిపిస్తుంది. అంతకన్నా దగ్గరైతే ఇంకా ప్రమాదం: 60 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టుకు 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి సుమారు 8 మిల్లీసెకన్ల తేడా వస్తే ఒకటి పైకి తోసేటప్పుడు ఇంకోటి కిందికి లాగి రెండూ రద్దయిపోతాయి. వాల్యూమ్ పెంచినకొద్దీ కిక్ సన్నబడుతున్నట్టు అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. లూప్‌ను పాత కిక్ పడని చోట కోసుకోవాలి, లేదా బాస్ స్వరాల్ని విడివిడిగా కోసి కిక్ పడ్డప్పుడల్లా వెనక్కి తప్పించాలి. ఎస్‌పీ-1200లో రెండు శబ్దాల్ని ఒకే అవుట్‌పుట్ చానల్‌కి ఇస్తే కొత్తది మోగగానే పాతది తెగిపోతుంది. ఈ లోపాన్నే ఆయుధంగా వాడుకున్నారు.

రికార్డు మీది ‘టిక్’ శబ్దాలు ఇంకో తలనొప్పి. పాట మొత్తంలో ఒక్కసారి వచ్చే ‘టిక్’ను ఎవరూ పట్టించుకోరు. అదే లూప్‌లో పడితే ప్రతి 2.67 సెకన్లకూ వచ్చి కూర్చుని వాద్యమైపోతుంది. ఈ ఆల్బమ్ శబ్దం అంత తేటగా ఉండటం వెనక ఇంజినీర్ బాబ్ పవర్ చేయి పెద్దది. ఆయన స్వయంగా సంగీతకారుడు. లూపుల్లోని రొదను ఓపిగ్గా తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ముక్కలకు విడివిడిగా చోటు చూపించారు. అదే ఏడాది వచ్చిన ఇతర ర్యాప్ ఆల్బమ్‌లతో పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది: ఇక్కడ తక్కువ వస్తువులున్నాయి, ఉన్న ప్రతిదీ స్పష్టంగా ఉంది.

డ్రమ్స్ విషయానికొస్తే ఒకే రికార్డును నమ్ముకోలేదు. ‘బగ్గిన్ ఔట్’లో బాస్ జాజ్ డ్రమ్మర్ జాక్ డిజొనెట్ బృందానిది, డ్రమ్స్ ఆర్గన్ వాద్యకారుడు లానీ స్మిత్ రికార్డులోవి. మెయిన్‌స్ట్రీమ్ జాజ్ డ్రమ్మర్ కిక్‌ను తొక్కీతొక్కనట్టు తొక్కుతాడు, లయంతా రైడ్ సింబల్ మీద నడుపుతాడు. హిప్‌హాప్‌కు అది చాలదు. కానీ రెండింటికీ ఉమ్మడి చోటు ఒకటుంది: జాజ్ డ్రమ్మర్ కాలితో హై-హ్యాట్ అనే సింబల్స్ జంటను మూసేది రెండో, నాలుగో మాత్రల మీద, హిప్‌హాప్‌లో స్నేర్ పడేదీ అక్కడే. అంత బరువైన స్నేర్ వేసినా కింది బాస్ వరుస తిరగబడకపోవడానికి కారణం అది.

ఊపు లెక్క

స్వింగ్ అనే ఊపు దగ్గర చాలామంది తడబడతారు. జాజ్‌లో ఆ ఊపు ఎయిత్ (అరమాత్ర) స్వరాల జంటలో ఉంటుంది: మొదటిది పొడుగు, రెండోది పొట్టి. హిప్‌హాప్‌లో అది సిక్స్‌టీన్త్ (పావుమాత్ర) స్వరాల జంటలోకి దిగుతుంది. ఎందుకంటారా? 180 వేగంతో నడిచే జాజ్ ముక్కను 90 వేగపు బీట్ కింద పెడితే, అక్కడి ఎయిత్‌లు ఇక్కడ సిక్స్‌టీన్త్‌లవుతాయి. బాస్ పరుగెడుతున్నట్టూ డ్రమ్స్ తీరిగ్గా నడుస్తున్నట్టూ ఒకేసారి వినిపించడానికి మూలం ఇదే.

యంత్రాల్లో ఊపును శాతాల్లో కొలుస్తారు. 90 వేగంలో సిక్స్‌టీన్త్ జంట మొత్తం 333 మిల్లీసెకన్లు. 50 శాతమంటే 167, 167గా సమానం. 58 శాతమైతే 193, 140. 67 శాతం దగ్గర 222, 111 అయ్యి పూర్తి త్రిస్వర నడక వచ్చేస్తుంది. జాజ్ వాద్యకారులెవరూ ఒక శాతం దగ్గర నిలబడరు. నెమ్మది పాటల్లో ఊపు ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ స్వరాలు సమానానికి దగ్గరవుతాయి. కాబట్టి లూప్‌లో ఊపు 60 శాతం ఉండగా మీరు హై-హ్యాట్‌ను 50లో పెడితే ప్రతి రెండో స్వరం దగ్గర 33 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. డ్రమ్మరూ బాసిస్టూ గొడవపడ్డట్టుంటుంది. హై-హ్యాట్‌ను యంత్రంలోని సమాన గడుల (గ్రిడ్) నుంచి కాకుండా లూప్ నుంచి విని సరిచేయాలి.

రాన్ కార్టర్ వచ్చినప్పుడు

ఐదో పాట ‘వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్’లో బాస్ శాంపిల్ కాదు. 1963–68 మధ్య జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన రాన్ కార్టర్ స్టూడియోకి వచ్చి వాయించారు. 2015 నాటికే 2,200 పైచిలుకు రికార్డింగులతో గిన్నిస్‌కెక్కిన మనిషి. పాటలో బూతులు ఉండకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారన్నది ప్రసిద్ధమైన సంగతి.

ఒక సాంకేతిక కోణం కూడా ఉంది. శాంపిల్ల శ్రుతి పైన చెప్పినట్టు ఇరవై సెంట్లో ముప్ఫై సెంట్లో పక్కకు జరిగి ఉండొచ్చు. దానికి కీబోర్డుతో జత కలపాలంటే యంత్రాన్ని సవరించాలి. డబుల్ బాస్‌కు మెట్లుండవు కాబట్టి వేలు కాస్త జరిపితే చాలు. ఈ పాట వినేటప్పుడు ముందు పాటల లూపుల్ని గుర్తుపెట్టుకుని కార్టర్ బాస్ మీద చెవి పెట్టండి. లూప్ ప్రతిసారీ అచ్చం అలాగే తిరిగొస్తుంది. ఈయన ఒకే స్వరాన్ని రెండోసారి వేరే బరువుతో మీటుతాడు, ఒకచోట జారతాడు, ఒకచోట ఆగుతాడు.

గొంతే సోలో

బాస్ అడుగున, డ్రమ్స్ రెండు చివర్లా ఉంటే మధ్య భాగం ఖాళీ. మాటలోని హల్లులు స్పష్టంగా వినిపించేది 1–4 కిలోహెర్ట్జ్ మధ్య. అక్కడ పియానో గానీ హారన్లు గానీ పెద్దగా పోటీకి రావు. అందుకే క్యూ-టిప్ మెత్తటి ముక్కు గొంతు అరవకుండానే ముందుకొస్తుంది. తొలి ఆల్బమ్‌లో కొద్ది పాటల్లోనే కనిపించిన ఫైఫ్ ఇక్కడ సమ ఉజ్జీ. ‘బగ్గిన్ ఔట్’ మొదటి పద్యంతోనే ఆ సంగతి తేల్చేస్తాడు. అతని గొంతు హెచ్చు, అంచు పదును. ట్రంపెట్, టెనర్ సాక్స్ జంటలాగా వీళ్లిద్దరి గొంతులు ఒకదాన్నొకటి తొక్కవు.

‘చెక్ ద రైమ్’లో ఇద్దరూ ప్రశ్న, జవాబుగా పంక్తులు మార్చుకుంటారు. జాజ్‌లో సోలోయిస్టూ డ్రమ్మరూ నాలుగేసి బార్లు వంతులు వేసుకుంటారే, ఆ పద్ధతి. చివరి పాట ‘సినారియో’ అచ్చం జామ్ సెషన్: లీడర్స్ ఆఫ్ ద న్యూ స్కూల్ అనే ర్యాప్ బృందం కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆఖరున బస్టా రైమ్స్ వంతు. ఆ ఒక్క పద్యంతో అతని పేరు మోగిపోయింది.

ఈ అలవాట్లు గాలిలోంచి రాలేదు. క్యూ-టిప్, ఫైఫ్ పెరిగిన క్వీన్స్‌లోని సెయింట్ ఆల్బన్స్ పేట కౌంట్ బేసీ, ఫ్యాట్స్ వాలర్, మిల్ట్ హింటన్, జాన్ కొల్ట్రేన్ లాంటి జాజ్ వాద్యకారులు కాపురమున్న చోటు. ఇళ్లలో ఆ రికార్డులే ఉండేవి.

హక్కుల లెక్క

ఆల్బమ్ వచ్చిన నాలుగో రోజు, సెప్టెంబర్ 28న, మైల్స్ డేవిస్ పోయారు. అప్పటికి ఆయన హిప్‌హాప్ నిర్మాత ఈజీ మో బీతో పని చేస్తున్నారు. అది ‘డూ-బాప్’గా 1992లో వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 17న, ఇంకో దెబ్బ పడింది. గాయకుడు గిల్బర్ట్ ఓ సల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడినందుకు ర్యాపర్ బిజ్ మార్కీ ఆల్బమ్ అమ్మకాల్ని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు నిలిపేసింది. ఇక రికార్డు కంపెనీలు అనుమతి కాగితం లేని శాంపిల్‌ను ముట్టుకోవడానికి భయపడ్డాయి.

ఒక్కో శాంపిల్‌కు రెండు అనుమతులు కావాలి: రికార్డింగ్ హక్కుదారుది ఒకటి, రచన హక్కుదారుది ఒకటి. ట్రైబ్‌కు దీని నొప్పి ముందే తెలుసు. తొలి ఆల్బమ్‌లోని ‘కెన్ ఐ కిక్ ఇట్?’లో గాయకుడు లూ రీడ్ పాట బాస్ వాడినందుకు రచన రాబడి మొత్తం రీడ్‌కే పోయింది. జాజ్‌లో ఇది మరీ అన్యాయంగా పనిచేస్తుంది. అందరూ లూప్ చేసుకునే బాస్ వరుస చాలాసార్లు బాసిస్టు అప్పటికప్పుడు కల్పించినది. రచనగా నమోదయ్యేది పైనున్న రాగం, అదీ వేరొకరి పేరు మీద. డబ్బు రికార్డు కంపెనీకీ స్వరకర్తకూ వెళ్తుంది, మీటినవాడికి ఆ రోజు ఇచ్చిన కూలితో సరి. స్వరకర్త తానే అయినా నమ్మకం లేదు: ఫ్లూట్ వాద్యకారుడు జేమ్స్ న్యూటన్ ముక్కను ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ ఈసీఎం రికార్డు కంపెనీకి 1,000 డాలర్లిచ్చి వాడుకున్నారు. తన రచనకు విడిగా అనుమతి అడగలేదని ఆయన వేసిన కేసు 2003లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. వాడిన మూడు స్వరాలు చాలా చిన్న భాగమని తీర్పు.

ఫలితంగా దారులు చీలాయి. 1993లో అస్3 బృందం బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు కంపెనీతోనే ఒప్పందం చేసుకుని హెర్బీ హాంకాక్ 1964 నాటి పాటతో హిట్ కొట్టింది. ఆ పాటలో బాస్ మీటింది కూడా రాన్ కార్టరే. అదే ఏడాది గురు అనే ర్యాపర్ ‘జాజ్‌మటాజ్’ కోసం జాజ్ వాద్యకారుల్ని స్టూడియోకి పిలిపించుకున్నాడు. 2015లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కి కమాసి వాషింగ్టన్, థండర్‌క్యాట్ లాంటివాళ్లు నేరుగా వాయించారు. అవి గొప్పవి కావని కాదు గానీ, రికార్డులోంచి చిన్న ముక్క కోసి దాని చుట్టూ ఖాళీని కట్టే పద్ధతి ఈ ఆల్బమ్‌లో ఉన్నంత బిగువుగా మళ్లీ తక్కువే వచ్చింది.

వినడానికైనా చేయడానికైనా ఒక హెచ్చరిక. ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు, అంటే మనం ఇంతసేపూ మాట్లాడుకున్న భాగం మొత్తం ఎగిరిపోతుంది. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లయినా నయం. సొంతంగా బీట్ చేసేవాళ్లు మిక్స్‌ను ఒకసారి మోనోలో (ఎడమ, కుడి చానళ్లను ఒకటిగా కలిపి) వినండి. మోనోలో బాస్ సన్నబడితే ఎడమ, కుడి చానళ్లలోని బాస్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటోందని అర్థం. సుమారు 100 హెర్ట్జ్ కిందిదంతా మోనో చేసి, కిక్‌ను ఒకటీ రెండూ మిల్లీసెకన్ల చొప్పున జరుపుతూ ఎక్కడ బరువు తిరిగొస్తుందో అక్కడ ఆపండి.